ధ్యానం మొదలుపెట్టినవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారు?

ధ్యానం మొదలుపెడదామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఎంతసేపు కూర్చోవాలి అని. దీనికి మన దగ్గరే నాలుగైదు జవాబులు దొరుకుతాయి, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. పిరమిడ్ ధ్యానులు ఎవరి వయసు ఎంతో అన్ని నిమిషాలు అంటారు, అంటే యాభై ఏళ్ల మనిషి మొదటి రోజే యాభై నిమిషాలు కూర్చోవాలన్నమాట. విపశ్యన కేంద్రానికి వెళ్తే పది రోజులు ఇల్లూ ఫోనూ వదిలేసి రమ్మంటారు, రోజుకి దాదాపు పది గంటలు కూర్చోబెడతారు. మహర్షి మహేశ్ యోగి పద్ధతిలో పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు. అమెరికా ఆసుపత్రిలో పుట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఎరుకతో గమనించడం) కోర్సు రోజుకి 45 నిమిషాలు అడుగుతుంది. ఫోన్లో యాప్ వేసుకుంటే మూడు నిమిషాలతో మొదలుపెట్టినా చాలంటుంది.

ఇన్ని అంకెలు విన్న మనిషి వాటిలో తనకి నచ్చినదో, తెలిసినవాళ్లు చెప్పినదో పట్టుకుని కూర్చుంటాడు. నిజానికి ఒక్కో పద్ధతి ఒక్కో రకం మనుషుల కోసం, ఒక్కో అవసరం చూసి తయారైంది, ఆ అంకె చుట్టూ గురువు, గుంపు, వేళ, చోటు లాంటి ఏర్పాట్లు కూడా ఉంటాయి. ఆ ఏర్పాట్లన్నీ అక్కడే వదిలేసి అంకె ఒక్కటే ఇంటికి తెచ్చుకుంటే పది పదిహేను రోజుల్లో విసుగొస్తుంది. ఆపేస్తారు. ఆపేసి, "మనకి ఇది కుదరదండీ, నా మనసు ఒక్కచోట నిలవదు" అంటారు. బాధ కలిగించేది ఏంటంటే ఈ మాట అనేవాళ్లలో చాలామంది అప్పటికే ధ్యానం సరిగ్గానే చేస్తూ ఉంటారు, చేస్తున్నది సరైనదేనని వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు.

మొదటి ఐదు నిమిషాల్లో జరిగేది

కళ్లు మూసుకున్నాక మొదటి అరనిమిషం బాగానే ఉంటుంది. ముక్కు దగ్గర గాలి లోపలికి పోతున్నప్పుడు కాస్త చల్లగా, బయటికి వస్తున్నప్పుడు కాస్త వెచ్చగా తగులుతుంది. ఒకటి. రెండు. మూడో శ్వాస దగ్గర వంటింట్లో కుక్కర్ కూత వేస్తుంది. ఇది రెండోదా, మూడోదా? పప్పుకి మూడు చాలు, నిన్న ఎక్కువై మరీ మెత్తబడింది, నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికే ఆలస్యమైంది, ఆ మెయిల్ సరిగ్గా బయల్దేరే ముందే రావాలా, దానికి ఇంకా జవాబు ఇవ్వలేదు, ఇవాళ పదింటికి మీటింగ్, అందులో ఆ సంగతి ఎత్తితే ఏం చెప్పాలి... ఇలా నిమిషమో రెండు నిమిషాలో గడిచాక హఠాత్తుగా గుర్తొస్తుంది, శ్వాస సంగతే మర్చిపోయాం అని.

సరిగ్గా ఇక్కడే కొత్తవాళ్లు పొరబడతారు. అయ్యో మళ్లీ పోయింది అని తమని తాము తిట్టుకుంటారు, నుదురు ముడిపడుతుంది, భుజాలు బిగుసుకుంటాయి, ఈసారి పోనివ్వకూడదని పంతం పట్టి శ్వాసని గట్టిగా పట్టుకోబోతారు, ఇంకో అరనిమిషానికి మళ్లీ ఆ మీటింగ్ లోనే తేలతారు. పది నిమిషాలయ్యేసరికి తల బరువెక్కుతుంది, కూర్చోక ముందే నయం అనిపిస్తుంది.

జరిగినదాన్ని నిదానంగా విప్పి చూస్తే అందులో నాలుగు దశలు కనిపిస్తాయి. శ్వాస మీద ధ్యాస పెట్టడం, ధ్యాస జారిపోవడం, జారిపోయిందని తెలియడం, తిరిగి శ్వాస దగ్గరికి రావడం. ధ్యాస జారిపోవడం మన చేతిలో లేదు, అది దానంతట అదే జరుగుతుంది. అభ్యాసం వల్ల పెరిగేదల్లా ఆ తర్వాతి రెండే, అంటే పోయిందని తెలియడం, తిట్టుకోకుండా తిరిగి రావడం. మరి పది నిమిషాల్లో ఇరవైసార్లు మనసు పోయి ఇరవైసార్లు తిరిగొస్తే ఇరవైసార్లు సాధన జరిగినట్టే కదా. ప్రశాంతంగా అనిపించిందా లేదా అన్నదాన్ని బట్టి ఆ రోజు ధ్యానానికి మార్కులు వేసుకునే మనిషి మాత్రం ఆ ఇరవైసార్లనీ ఇరవై ఓటములుగా లెక్కేసుకుంటాడు. రోజూ ఓడిపోయే పనిని ఎవరు మాత్రం ఎన్నాళ్లు చేస్తారు?

మనసు తిరగడం ఏ ఒక్కరికో ఉన్న జబ్బేమీ కాదు. హార్వర్డ్‌కి చెందిన మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో 2250 మంది పెద్దవాళ్లకి రోజులో అనుకోని సమయాల్లో ఫోన్‌కి ప్రశ్నలు పంపారు: ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, ఎలా అనిపిస్తోంది అని. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. మెలకువగా ఉన్న సమయంలో సగానికి దగ్గరన్నమాట. రోజంతా అలా తిరగడం అలవాటైన మనసు కళ్లు మూసుకోగానే కుదురుగా కూర్చోవాలనుకోవడం అన్యాయమే.

ఈ సంగతి మన పెద్దవాళ్లకి తెలియనిదేమీ కాదు. భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడి ఫిర్యాదు కూడా ఇదే, మనసు చంచలమైనది, దాన్ని నిలపడం గాలిని నిలపడమంత కష్టం అని. కృష్ణుడు దాన్ని కొట్టిపారేయడు, నిజమేనని ఒప్పుకుని, అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ అది చేతికి వస్తుందంటాడు. అంతకు కాస్త ముందు 26వ శ్లోకంలో, నిలకడ లేని మనసు ఎక్కడెక్కడికి పోతుందో అక్కడక్కడి నుంచి మళ్లించి తెమ్మని చెప్తాడు. ఎన్నిసార్లు తేవాలో లెక్క చెప్పలేదు. పోయిన ప్రతిసారీ తేవడమే.

బుద్ధుడి ఆనాపానసతి బోధలో సూచన ఇంకా సాదాగా ఉంటుంది. ఊపిరి దీర్ఘంగా తీసుకుంటుంటే దీర్ఘంగా తీసుకుంటున్నానని తెలుసుకోవడం, పొట్టిగా తీసుకుంటుంటే పొట్టిగా తీసుకుంటున్నానని తెలుసుకోవడం. మొదలు అంతే, ఊపిరిని పొడుగు చేయమని అందులో లేదు. టీవీలో యోగా చూసి నేర్చుకున్నవాళ్లు ఇక్కడ తడబడతారు, ధ్యానం అనగానే గట్టిగా గాలి పీల్చి వదలడం మొదలుపెడతారు. ప్రాణాయామం మంచి సాధనే, దాని ప్రయోజనం దానికుంది, అయితే అక్కడ ఊపిరిని మనం నడుపుతాం, ఇక్కడ అది ఎలా నడుస్తోందో చూస్తూ ఉంటాం. రెండూ కలిపేస్తే కాసేపటికే తల తిరిగినట్టయి, ధ్యానం పడలేదని ఆపేస్తారు.

ఎనిమిది వారాల కోర్సు ఎందుకలా ఉంది

ఇప్పుడు ప్రపంచమంతా మైండ్‌ఫుల్‌నెస్ అని పిలుస్తున్న దానికి ఆసుపత్రి దారి చూపించింది జాన్ కబాట్-జిన్. ఆయన చదువు మాలిక్యులర్ బయాలజీ, ధ్యానం నేర్చుకున్నది బౌద్ధ గురువుల దగ్గర. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రంలో ఒక చిన్న క్లినిక్ పెట్టి, మందులు వాడినా ఆపరేషన్లు అయినా నొప్పి తగ్గనివాళ్లని తన దగ్గరికి పంపమని డాక్టర్లని అడిగాడు. ఏళ్ల తరబడి నడుం నొప్పితో, తలనొప్పితో ఉన్న మనుషులు. నొప్పి పోతుందని వాళ్లకి మాట ఇవ్వలేదు. నొప్పి ఒకటి, దాని మీద మనసు పెంచుకునే భయం, కోపం, "ఇక జీవితాంతం ఇంతేనా" అనే దిగులు ఇంకొకటి అని విడదీసి చూడటం నేర్పాడు.

ఆ కోర్సు కూర్పు కొత్తవాళ్లు గమనించాల్సిన విషయం. వారానికోసారి రెండున్నర గంటల క్లాసు, ఇంటి దగ్గర వారానికి ఆరు రోజులు ఆడియో వింటూ 45 నిమిషాలు, కోర్సు చివరి వారాల్లో ఒక రోజంతా మౌనం. మొదటి క్లాసులో ఒక ఎండుద్రాక్ష చేతికిచ్చి దాన్ని చూడమంటారు, వేళ్ల మధ్య నలపమంటారు, వాసన చూడమంటారు, నాలుక మీద పెట్టుకుని కొరకకుండా ఆగమంటారు, చివరికి నమలమంటారు. ఒక్క ద్రాక్షకి ఐదారు నిమిషాలు. రోజూ గుప్పెడు నోట్లో వేసుకునే మనిషికి అందులో పులుపు ఎక్కడ మొదలవుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఆ తర్వాత మొదటి రెండు వారాలు కూర్చోవడం కన్నా పడుకోవడమే ఎక్కువ. వెల్లకిలా పడుకుని ఎడమకాలి బొటనవేలి దగ్గర మొదలుపెట్టి ఒక్కో భాగం మీదకి ధ్యాస తీసుకెళ్తూ తల దాకా రావాలి, దీన్నే బాడీ స్కాన్ అంటారు. దీని మూలం బర్మాలోని విపశ్యన సంప్రదాయంలో ఉంది. కూర్చుని శ్వాస చూడటం ఆ తర్వాత కొద్దికొద్దిగా పెరుగుతుంది. అంటే రోజుకి 45 నిమిషాలు అన్న అంకె వెనక ఒక గురువు గొంతు ఉంది, వారంవారం కలిసే ఇరవై ముప్పై మంది ఉన్నారు, సందేహాలు అడగడానికి చోటుంది. ఇవేవీ లేకుండా ఇంట్లో ఒంటరిగా అంతసేపు కూర్చుంటే అదే ఫలితం రావాలని లేదు.

విపశ్యన కోర్సు సంగతీ ఇంతే. దాన్ని ఇండియాకి తెచ్చిన సత్యనారాయణ గోయెంకా 1924లో మాండలేలో మార్వాడీ వ్యాపార కుటుంబంలో పుట్టారు. ఏ మందుకీ లొంగని మైగ్రేన్‌తో బాధపడుతూ సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్లారు, ఆ గురువు సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. గోయెంకా 1969లో ఇండియా వచ్చి కోర్సులు మొదలుపెట్టారు, హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న ధమ్మఖేత్త దేశంలోని పాత కేంద్రాల్లో ఒకటి. అక్కడ పొద్దున నాలుగింటికి గంట కొడతారు, నాలుగున్నర నుంచి కూర్చోవాలి, పదకొండింటికి భోజనం, కొత్తవాళ్లకి సాయంత్రం ఐదింటికి టీ, పండ్లు. మాటలు లేవు, సైగలు కూడా లేవు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర, పై పెదవికి పైన ఉన్న కొంచెం చోటులోనే శ్వాసని చూడటం. నాలుగో రోజు కానీ అసలు విపశ్యన, అంటే ఒంట్లో కలిగే స్పర్శలని ఒక్కో భాగంలో గమనించడం, మొదలుకాదు. వంట వేరేవాళ్లు చేస్తారు, ఫోన్ కేంద్రం వాళ్ల దగ్గరే ఉంటుంది, లేచి వెళ్లి చేయాల్సిన పని ఒక్కటీ ఉండదు. రెండు వేల ఏళ్ల కిందట విశాఖ దగ్గర తొట్లకొండ మీద, బావికొండ మీద భిక్షువులు చిన్నచిన్న గదుల్లో ఉన్నది కూడా ఇలాంటి ఏర్పాటుతోనే, ఆ గదుల పునాదులు ఇప్పటికీ చూడొచ్చు. పదేసి గంటలు కూర్చోగలగడం వెనక మనోబలం ఎంతుందో ఆ ఏర్పాటు బలం కూడా అంతే ఉంది.

ఇంట్లో కూర్చునేవాళ్లకి

ఇంటి దగ్గర కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పది నిమిషాలు సరిపోతాయి. ఐదైనా పర్వాలేదు. వయసుకి తగ్గ నిమిషాలు అన్న సూత్రం గుర్తుంచుకోవడానికి సులువే, దాన్ని పాటించి మేలు పొందినవాళ్లు ఉన్నారు, "శ్వాస మీద ధ్యాస" అన్న మాటని తెలుగు ఊళ్లలో మామూలు మనుషుల నోటికి చేర్చిన గొప్పతనం ఆ పిరమిడ్ ధ్యాన ఉద్యమానిదే. కానీ అరవై ఏళ్లు దాటి మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి మొదటి వారమే గంట కూర్చోవాలంటే అది ఓర్పు పరీక్షగా మారిపోతుంది. పది నిమిషాలు విసుగు లేకుండా కూర్చోవడం వచ్చాక పదిహేను, ఇరవై వాటంతట అవే అవుతాయి.

కింద కూర్చోవాలన్న నియమం లేదు. మఠం వేసుకుని కూర్చోగలిగితే పిరుదుల కింద మడతపెట్టిన దుప్పటి వేసుకోవాలి, పిరుదులు మోకాళ్ల కన్నా కొంచెం ఎత్తులో ఉంటే వెన్ను దానంతట అదే నిలబడుతుంది, కాళ్లు తిమ్మిరెక్కడం కూడా తగ్గుతుంది. కుదరకపోతే డైనింగ్ టేబుల్ కుర్చీ చాలు, పాదాలు రెండూ నేల మీద ఆనాలి. గోడకి ఆనుకున్నా తప్పు లేదు. సోఫా మాత్రం వద్దు, పది నిమిషాల్లో నిద్రలోకి జారిపోతారు. చేతులు ఎలా పెట్టాలి, ముద్ర వేయాలా, తూర్పుకి తిరగాలా అన్నవి ఇష్టాన్ని బట్టి చేసుకోవచ్చు, వాటి దగ్గరే మొదటి వారమంతా గడిపేయకూడదు.

వేళ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. బ్రాహ్మీముహూర్తంలో లేచి చేస్తేనే ధ్యానం అనే సలహా మంచి ఉద్దేశంతో ఇచ్చేదే, కానీ రాత్రి పదకొండున్నరకి గిన్నెలు సర్ది పడుకుని పొద్దున ఐదింటికి పాలప్యాకెట్ తీసుకోవడానికి లేచే ఇల్లాలికి అది ఇంకో గంట నిద్ర తగ్గించుకోమని చెప్పడమే అవుతుంది. నిద్ర చాలని మనిషి కళ్లు మూసుకుంటే వచ్చేది నిద్రే, ఆ శరీరానికి అప్పుడు కావాల్సింది కూడా అదే. అలాంటివాళ్లకి పిల్లలు స్కూలుకి, మిగతావాళ్లు పనులకి వెళ్లాక దొరికే పది నిమిషాలు ఏ ముహూర్తానికీ తీసిపోవు. ఉద్యోగాలకి వెళ్లేవాళ్లకి పళ్లు తోముకున్నాక, ఫోన్ చేతికి తీసుకోక ముందు అన్న సమయం బాగా పనిచేస్తుంది. ఒక్కసారి వాట్సాప్ తెరిచాక మనసు అప్పటికే పదిమంది మాటలతో నిండిపోయి ఉంటుంది.

ధ్యాస ఆనుకోవడానికి శ్వాసే కావాలని కూడా లేదు. కొందరికి శ్వాస మీద ధ్యాస పెట్టగానే ఊపిరాడనట్టు కంగారు పుడుతుంది, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవాళ్లకి, టెన్షన్ ఎక్కువగా ఉన్నవాళ్లకి. వాళ్లు పాదాలు నేలకి ఆనిన స్పర్శ చూడొచ్చు, చుట్టూ వినిపిస్తున్న శబ్దాలు వినొచ్చు. హార్ట్‌ఫుల్‌నెస్ ధ్యాన సంస్థ వాళ్లు గుండెలో వెలుగు ఉందన్న భావన మీద ధ్యాస నిలపమంటారు. బర్మాలో మహాసి సయాడో అనే బౌద్ధ గురువు పద్ధతిలో పొట్ట పైకి లేవడం, కిందికి దిగడం గమనిస్తారు, మధ్యలో ఏ ఆలోచన వచ్చినా "ఆలోచన, ఆలోచన" అని మనసులో పేరు పెట్టి వదిలేస్తారు. ఈ పేరు పెట్టడం కొత్తవాళ్లకి చాలా ఉపయోగం, ఎందుకంటే ఆలోచనలో కొట్టుకుపోవడానికీ, ఇది ఆలోచన అని చూడటానికీ మధ్య ఉన్న తేడా ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. ఇక ఇంట్లో రోజూ 108 పూసల జపం చేసేవాళ్లు ఉంటే వాళ్ల దగ్గర ఆధారం ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది. దాన్ని మానేసి కొత్తగా శ్వాస పట్టుకోనవసరం లేదు, నోరు నామం పలుకుతుంటే మనసు బజారుకి వెళ్లిందని తెలిసిన ప్రతిసారీ నామం దగ్గరికి రావడమే.

అడ్డుపడేవి

"ధ్యానం మొదలుపెట్టాక ఆలోచనలు ఇంకా ఎక్కువయ్యాయి" అన్నది దాదాపు అందరూ చెప్పే మాట. ఎక్కువైనట్టు అనిపించడం సహజం, ఇన్నాళ్లూ వాటిని చూడటానికి తీరిక దొరకలేదు, కాస్త ఖాళీ దొరికితే ఫోనో టీవీనో ఆ ఖాళీని నింపేసేవి. పది నిమిషాలు ఏమీ నింపకుండా కూర్చునేసరికి లోపల ఉన్న రద్దీ కనిపిస్తుంది. రెండు మూడు వారాల తర్వాత చాలామందికి ఆ రద్దీ ఉంటూనే దానితో పేచీ తగ్గుతుంది.

బౌద్ధంలో సాధనకి అడ్డుపడేవి ఐదని చెప్తారు: కోరిక, ద్వేషం, నిద్రమత్తు, కుదురులేనితనం, సందేహం. ఇవాళ కుర్చీలో కూర్చునేవాళ్లకీ ఇవే ఎదురవుతాయి. కాఫీ గుర్తొస్తుంది, ఆడపడుచు అన్న మాట గుర్తొస్తుంది, కళ్లు మూతలు పడతాయి, కాలు కదపాలనిపిస్తుంది. ఈ నాలుగూ ఇబ్బంది పెడతాయే తప్ప లేచి వెళ్లిపొమ్మనవు. మనిషిని పూర్తిగా ఆపేసేది ఐదోది. నేను చేస్తున్నది సరైనదేనా, దీనివల్ల ఏమైనా జరుగుతోందా, ఇంకో గురువు ఇంకేదో చెప్తున్నాడు కదా, అది చూద్దామా అనే ఆలోచన చాలా తెలివైన ప్రశ్నలా వస్తుంది, దానికి జవాబు వెతుకుతూ యూట్యూబ్ తెరిస్తే ఆ రోజుకి కూర్చోవడం అయిపోయినట్టే. వారానికో పద్ధతి మార్చేవాళ్లు అన్ని పద్ధతుల మొదటి వారమే చూస్తారు. ఒక్కదాన్ని పట్టుకుని కనీసం రెండు నెలలు చేశాక బాగోలేదంటే ఆ మాటకి విలువ ఉంటుంది.

రెండు నెలలు అనడానికి కారణం ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం కొత్త అలవాట్ల మీద చేసిన అధ్యయనంలో ఒక పని ఆలోచించకుండా దానంతట అదే జరిగే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ జరగలేదు. ఈ చివరి సంగతి మనవాళ్లకి చాలా అవసరం. మనకి దీక్షల అలవాటు ఉంది, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, నేల పడక ఎంత నిష్ఠగా చేస్తారో అందరం చూస్తాం. మాల ఉంది, నల్ల బట్టలు ఉన్నాయి, గురుస్వామి ఉన్నాడు, వీధిలో "స్వామీ" అని పిలిచేవాళ్లు ఉన్నారు, అంతా కలిసి మనిషిని నిలబెడతాయి. ధ్యానాన్ని కూడా అలాగే దీక్షలా పట్టేవాళ్లు ఒక్క రోజు తప్పగానే దీక్ష భంగమైందనుకుని మొత్తం వదిలేస్తారు. ఇది గడువు ఉన్న దీక్ష కాదు కాబట్టి తప్పిన మర్నాడు మామూలుగా కూర్చుంటే సరిపోతుంది.

యాప్‌ల విషయంలో ఆశలు తక్కువ పెట్టుకోవడం మంచిది. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన 93 యాప్‌ల వాడకాన్ని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, డౌన్‌లోడ్ చేసుకున్న నెల రోజుల తర్వాత కూడా తెరిచేవాళ్లు నూటికి ముగ్గురి దగ్గర తేలారు. వినిపించే గొంతు మొదటి వారాల్లో సాయపడుతుంది, సందేహం లేదు. కానీ ఇంట్లో ఒకరు తోడు కూర్చోవడం, వారానికోసారి ఊళ్లో ఉన్న ధ్యాన కేంద్రానికి వెళ్లి నలుగురితో కూర్చోవడం దానికన్నా ఎక్కువ నిలబెడతాయి.

ఎంత మేలు, ఎక్కడ జాగ్రత్త

2014లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద సమీక్ష 47 ప్రయోగాలు, 3515 మంది వివరాలు కలిపి చూసింది. ఆందోళన, డిప్రెషన్, నొప్పి విషయంలో ధ్యాన శిక్షణల వల్ల ఓ మోస్తరు మేలు ఉందని తేలింది, వ్యాయామం లాంటి ఇతర పద్ధతుల కన్నా మెరుగని మాత్రం తేలలేదు. 2022లో ఆందోళన జబ్బులున్న 276 మందిలో సగం మందికి ఆందోళనకి డాక్టర్లు ఇచ్చే ఎస్సిటలోప్రామ్ మాత్ర, సగం మందికి ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు ఇస్తే, కోర్సు ఫలితం మాత్ర కన్నా తక్కువేమీ కాదని తేలింది. ఇది చదివి మాత్రలు మానేసేవాళ్లు ఉంటారు, అది చాలా ప్రమాదం. అక్కడ కోర్సు చేసినవాళ్లు శిక్షకుల దగ్గర వారంవారం నేర్చుకుంటూ రోజూ 45 నిమిషాలు చేసినవాళ్లు, డాక్టర్ల పర్యవేక్షణలో ఉన్నవాళ్లు. డాక్టర్‌ని అడగకుండా డోసు తగ్గించడం, మానేయడం చేయకూడదు.

ఫలితం రాని చోట్లు కూడా ఉన్నాయి. బ్రిటన్‌లో 80కి పైగా స్కూళ్లలో 8 వేలమందికి పైగా పిల్లల్లో దాదాపు సగం మందికి మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు, మిగతావాళ్లకి మామూలు పాఠాలు చెప్పి చూస్తే, 2022లో వచ్చిన ఫలితాల్లో మామూలు పాఠాల కన్నా అదనపు మేలేమీ కనిపించలేదు. ఇంటి దగ్గర అభ్యాసం చేసిన పిల్లలు చాలా తక్కువ, ఎవరో కూర్చోమంటే కూర్చున్నవాళ్లే ఎక్కువ. మన దగ్గర కార్పొరేట్ కాలేజీలు పరీక్షల ముందు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ధ్యానం చేయించేముందు ఈ ఫలితం చదివితే బాగుంటుంది. ఎనిమిది వారాల్లో మెదడు నిర్మాణమే మారిపోతుందని ప్రచారంలో ఉన్న మాట కూడా అంతే, 2011లో వచ్చిన చిన్న అధ్యయనం దానికి మూలం, 2022లో విస్కాన్సిన్ పరిశోధకులు ఎక్కువమందితో మళ్లీ చూస్తే ఆ మార్పు కనిపించలేదు.

ఇక జాగ్రత్త. కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడం అందరికీ అన్నివేళలా మంచిది కాదు. పెద్ద ప్రమాదం చూసినవాళ్లకి, హింసని అనుభవించినవాళ్లకి, ఈమధ్యే అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లకి ఆ మౌనంలో పాత దృశ్యాలు ఒక్కసారిగా మీదకి రావొచ్చు. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు దీర్ఘ మౌన కోర్సులకి వెళ్లకూడదు, విపశ్యన దరఖాస్తులో ఈ వివరాలు అడిగేది అందుకే, అక్కడ దాచకూడదు. కూర్చున్న ప్రతిసారీ భయం పెరుగుతుంటే, నిద్ర పట్టకపోతుంటే, ఈ లోకంలో లేనట్టు అనిపిస్తుంటే వెంటనే ఆపేయాలి. "ఇది శుద్ధి జరుగుతోంది, భరించు" అని ఎవరైనా అంటే ఆ మాట వినకూడదు. కళ్లు తెరిచి నడవడం, మొక్కలకి నీళ్లు పోయడం, మనుషులతో మాట్లాడటం అప్పుడు చేయాల్సినవి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇలాంటి ఇబ్బందులేవీ లేకుండా రెండు నెలలు రోజూ కూర్చున్నవాళ్లు ఫలితం కోసం కుర్చీలో గడిపిన పది నిమిషాల్లో వెతకడం కన్నా మిగతా రోజులో వెతకడం మంచిది. ట్రాఫిక్‌లో వెనక నుంచి హారన్ మోగినప్పుడు పళ్లు బిగుసుకోవడం అప్పటికప్పుడే తెలుస్తోందా, పిల్లల మీద అరవబోయే ముందు గొంతులో వేడి తెలుస్తోందా, రాత్రి పడుకున్నాక అదే ఆలోచన మూడోసారి తిరుగుతోందని తెలుస్తోందా. అరుపు ఆగకపోయినా సరే, అరుస్తున్నానని మధ్యలో తెలిసినా అది సాధన ఫలితమే.

ఆ దశలో చాలామందికి పది రోజుల విపశ్యన కోర్సుకి వెళ్లాలనిపిస్తుంది. రుసుము లేదు, బసకీ భోజనానికీ కూడా తీసుకోరు, అంతకుముందు కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. సీట్లు ముందే నిండిపోతుంటాయి కాబట్టి తొందరగా దరఖాస్తు చేసుకోవాలి. మొదలయ్యే ముందు రోజు మధ్యాహ్నానికి చేరుకోవాలి, పదకొండో రోజు పొద్దున కానీ బయటికి రారు, కాబట్టి సెలవు పన్నెండు రోజులకి పెట్టుకోవాలి. రెండో రోజు, ఆరో రోజు పారిపోవాలనిపించడం మామూలేనని అక్కడ ముందే చెప్తారు. ఇంటికొచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు, ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకి అది ఎక్కువ రోజులు సాగదు, సాగనప్పుడు పూర్తిగా మానేయడం కన్నా వెనక్కొచ్చి ఇరవై నిమిషాలు కూర్చోవడం మేలు.